పులిరాజా ప్రశ్నకు జవాబు: కృష్ణా డెల్టాలో హెచ్‌ఐవీ పరీక్ష నడిచిన దారి

2000 సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో ఆంధ్రప్రదేశ్ రహదారుల వెంట, ఊళ్ల గోడల మీద ఒక ప్రశ్న కనిపించేది: పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా? ఆ పులిరాజా ఎవరో, ఆ ప్రశ్న ఎవరు వేస్తున్నారో మొదట్లో ఎవరికీ అర్థం కాలేదు. టీకొట్ల దగ్గర జనం నవ్వుకున్నారు, పిల్లలు పెద్దలను అడిగి ఇబ్బంది పెట్టారు, సినిమాల్లో హాస్యానికీ పనికివచ్చింది. కండోమ్ వాడకాన్ని ప్రోత్సహించే ప్రచారమని తరువాత తెలిసింది. నవ్వులాటగా మిగిలిపోయిన ఆ ప్రశ్న నిజానికి చాలా గంభీరమైనది. రక్షణ లేని ఒక కలయిక తరువాత ఒక మనిషికి ఈ వ్యాధి సోకే అవకాశం ఎంత? సోకిందో లేదో తెలుసుకోవడం ఎలా, ఎప్పుడు?

ఈ రెండు ప్రశ్నలకూ వైద్యశాస్త్రం ఇప్పుడు చాలావరకు స్పష్టమైన జవాబులే చెబుతుంది. ఆ స్పష్టత ఒక్క రోజున రాలేదు. దాని వెనుక నలభై ఏళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్రలో మన కృష్ణా డెల్టాకు, ముఖ్యంగా గుంటూరు జిల్లాకు, దేశమంతా గుర్తుంచుకోవలసిన స్థానం ఉంది. జవాబులు ఎలా దొరికాయో తెలిస్తే వాటి మీద నమ్మకం కుదురుతుంది. అందుకే ముందు చరిత్ర, తరువాత ఆచరణ చెబుతాను.

మద్రాసు నుంచి వేలూరుకు రాత్రి రైలు

1981 జూన్ 5న అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం తన వారపత్రికలో లాస్ ఏంజెలెస్‌కు చెందిన ఐదుగురు యువకుల్లో కనిపించిన అరుదైన న్యుమోనియా గురించి ప్రచురించింది. 1983లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో ఫ్రాన్స్వాజ్ బారె సినూసీ, ల్యూక్ మోంటాన్యే బృందం కారక వైరస్‌ను వేరుచేసింది. 1985 మార్చిలో ఎలైజా రక్తపరీక్షకు అమెరికాలో అనుమతి లభించింది. ఆ పరీక్ష ముందుగా ఉద్దేశించింది వ్యక్తుల రోగనిర్ధారణకు కాదు, రక్తనిధుల్లోని రక్తాన్ని వడపోయడానికి. వడపోతలో అనుమానం ఉన్న సీసాను పారవేస్తే సరిపోతుంది, పొరపాటున మంచి రక్తం పోయినా నష్టం స్వల్పం. మనిషి విషయంలో అలా కాదు. ఈ తేడాను మన దేశం ఆలస్యంగా గ్రహించింది, దాని ఫలితం కొన్ని వేల కుటుంబాలు అనుభవించాయి.

అప్పట్లో మన దేశంలో చాలామంది ఇది పాశ్చాత్యుల జబ్బనీ, మన కుటుంబ వ్యవస్థ మనకు కవచమనీ భావించేవారు. 1985 చివరలో మద్రాసు మెడికల్ కాలేజీలో సూక్ష్మజీవశాస్త్ర ఆచార్యులు డాక్టర్ సునీతి సోలమన్ తన విద్యార్థిని నిర్మలకు పరిశోధనాంశంగా ఈ వ్యాధిని సూచించారు. నిర్మల నగరంలో సెక్స్ వర్కర్ల నుంచి రక్త నమూనాలు సేకరించి, సరైన నిల్వ సదుపాయం లేక తన ఇంటి ఫ్రిజ్‌లో దాచి, పరీక్ష కోసం రాత్రి రైలులో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి తీసుకువెళ్లారు. 1986 ఫిబ్రవరిలో ఆ నమూనాల్లో ఆరు రంగు మారాయి. అమెరికాలో తిరిగి పరీక్షించి నిర్ధారించారు. ఆ మే నెలలో ప్రకటన వెలువడేసరికి దేశం ఉలిక్కిపడింది. అదే 1986లో విజయవాడలో ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఆ విశ్వవిద్యాలయం నుంచి పట్టా పొందిన తొలి తరాల వైద్యులకు, ఈ వ్యాధి పాఠ్యపుస్తకం కంటే ముందు వార్డులోనే ఎదురైంది.

నిర్మల చేసిన పని సాహసోపేతమైనది, అవసరమైనది. కానీ ఆ ఫలితాన్ని సమాజం చదివిన తీరు మరొక విధంగా ఉంది. వ్యాధి తొలుత ఏ స్త్రీలలో కనబడిందో వారినే కారకులుగా చూశారు. ఫలానా వృత్తిలోని వారికి వచ్చే జబ్బు కాబట్టి తక్కిన వారికి భయం లేదన్న ధైర్యం వ్యాపించింది. వైరస్‌కు మనుషుల వృత్తి, కులం, పరువు తెలియవు. సోకిన శరీరం నుంచి సోకని శరీరానికి రక్తం, వీర్యం, యోని స్రావం, చనుబాలు, ఈ నాలుగింటి ద్వారా దారి దొరికిందా లేదా అన్నదొక్కటే దానికి ముఖ్యం. కనుక అంచనా వేయవలసింది మనిషిని కాదు, జరిగిన క్రియను. ఈ ఒక్క మాట ఆనాడే ఊరూరా అర్థమై ఉంటే తరువాతి కథ కొంత వేరుగా ఉండేది.

డెల్టాకు దారులు

కృష్ణమ్మ మీద 1855లో ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఈ నేల కాలువల వెంట, తరువాత రైలు మార్గాల వెంట, ఆపైన రహదారుల వెంట సంపన్నమైంది. బెజవాడ దక్షిణాదిలోని అతి పెద్ద రైల్వే కూడళ్లలో ఒకటయింది. మద్రాసు నుంచి కలకత్తాకు వెళ్లే పాత 5వ నంబరు జాతీయ రహదారి, హైదరాబాదు నుంచి మచిలీపట్నానికి వచ్చే పాత 9వ నంబరు రహదారి ఇక్కడే కలుస్తాయి. ధాన్యం, పొగాకు, మిర్చి, పత్తి, ఆ తరువాత చేపలు, రొయ్యలు ఈ రోడ్ల మీదుగానే దేశమంతటికీ వెళ్లాయి. ఆటోనగర్‌లో లారీల బాడీలు కట్టించుకునేందుకు, మరమ్మతులకు దూరప్రాంతాల నుంచి వచ్చే డ్రైవర్లు, క్లీనర్లు రోజుల తరబడి ఆగేవారు.

నెలల తరబడి ఇంటికి దూరంగా ఉండే పురుషులు, పేదరికం వల్లో వంచన వల్లో ఒంటరిగా మిగిలి ఆ దారుల పక్కనే బతుకు వెతుక్కునే స్త్రీలు, కండోమ్ మాట ఎత్తడానికే సిగ్గుపడే సమాజం, ఈ మూడూ కలిసిన చోట వైరస్‌కు వేరే సహాయం అక్కరలేదు. సంపద తిరిగిన దారినే జబ్బూ తిరిగింది. దీన్ని ఏ ఒక్క వర్గానికీ నేరంగా ఆపాదించడం చరిత్రకు న్యాయం కాదు.

వైద్యరంగం పాత్రను కూడా చెప్పుకోవాలి. గాజు సిరంజీలను సరిగా మరిగించకుండా ఒకరి తరువాత ఒకరికి వాడిన రోజులవి. డబ్బు కోసం నెలకు పలుమార్లు రక్తం అమ్ముకునే వృత్తి దాతల మీద ఆధారపడిన రక్తనిధులు దేశమంతటా ఉండేవి. 1989 నుంచి దానం చేసిన రక్తానికి హెచ్‌ఐవీ పరీక్ష తప్పనిసరి చేయడం మొదలైంది. 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఫలితంగా 1998 జనవరి 1 నుంచి రక్తం అమ్మకం నిషేధమైంది. సోకిన రక్తం ఎక్కించుకుంటే వ్యాధి వచ్చే అవకాశం పదివేలకు సుమారు 9,250. అంటే దాదాపు తప్పనిసరి. కాబట్టి ఆ తీర్పు కాపాడిన ప్రాణాలకు లెక్క కట్టడం కష్టం.

చెప్పకుండా చేసిన పరీక్షలు

1989లో గోవాలో రక్తదానం చేసిన డొమినిక్ డిసౌజా అనే యువకుడికి హెచ్‌ఐవీ ఉన్నట్లు తేలింది. పోలీసులు వచ్చి తీసుకుపోయి, అప్పటి గోవా ప్రజారోగ్య చట్టం కింద 64 రోజులు నిర్బంధించారు. ఆయన చేసిన తప్పేమీ లేదు, పరీక్ష ఫలితమే ఆయన నేరమైంది. ఆ భయం దేశమంతటా పాకింది. పరీక్ష అంటే చికిత్సకు ద్వారం కాదు, బహిష్కరణకు ముద్ర అన్న భావన స్థిరపడింది.

మన ప్రాంతంలోనూ తొంభైలలో జరిగినది ఇంచుమించు అదే ధోరణి. శస్త్రచికిత్సకు ముందు రోగికి చెప్పకుండా రక్తం పంపేవారు. ఒకే ఒక్క ఎలైజా ఫలితాన్ని పట్టుకుని నిర్ధారణ అయిపోయిందనుకునేవారు. ఆ మాట రోగి కంటే ముందు బావమరిదికో, పినతండ్రికో తెలిసేది. కేసుషీటు మీద ఎర్ర అక్షరాలు పడేవి. పడక వరండాలోకి మారేది. కొందరు భార్యలకు భర్త జబ్బు పేరు అతని మరణం తరువాతే తెలిసింది. అప్పటికి వారి రక్తంలోనూ అదే ఉండేది.

ఒక్క పరీక్షతో నిర్ధారణ ఎందుకు కూడదో చిన్న లెక్కతో చూపిస్తాను. ఇది అవగాహన కోసం ఊహించిన లెక్క. ఒక ఊరిలో 10,000 మంది ఉన్నారు, వారిలో నూటికి ఒకరికి, అంటే 100 మందికి, వైరస్ ఉంది. మన దగ్గర ఉన్న పరీక్ష సోకిన వారినందరినీ పట్టుకుంటుంది, సోకని వారిలో మాత్రం నూటికి ఒకరిని పొరపాటున పాజిటివ్ అంటుంది. వినడానికి ఇది గొప్ప పరీక్షే. ఇప్పుడు అందరికీ చేయండి. నిజంగా సోకిన 100 మంది పాజిటివ్ వస్తారు. సోకని 9,900 మందిలో 99 మంది కూడా పాజిటివ్ వస్తారు. మొత్తం 199 కాగితాల్లో సగం అబద్ధం. ఆ సగం మందిలో ఒకరు మీరైతే? కొత్త పరీక్షలు ఇంతకంటే ఎంతో మెరుగైనవి, అయినా సూత్రం మారదు. అందుకే జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ విధానంలో, లక్షణాలు లేని మనిషికి పాజిటివ్ అని చెప్పాలంటే ఒకే రక్త నమూనా మీద మూడు వేర్వేరు రకాల పరీక్షలు పాజిటివ్ రావాలి. ఒక పరీక్ష చేసే పొరపాటు వేరే పద్ధతిలో తయారైన మరో పరీక్ష చేయదు. ఒక్క పాజిటివ్ కాగితాన్ని చూసి రైలు పట్టాల వైపు నడిచినవారి కథలు ఆ రోజుల్లో వైద్యులమంతా విన్నాము. వారిలో కొందరికైనా అసలు జబ్బే లేకపోయి ఉండవచ్చునన్న ఆలోచన ఇప్పటికీ నెమ్మది లేకుండా చేస్తుంది.

1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, 1998లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర సంస్థ ఏర్పడ్డాయి. 1999లో మొదలైన రెండవ దశ కార్యక్రమంలో స్వచ్ఛంద సలహా, పరీక్షా కేంద్రాలు ప్రభుత్వాసుపత్రుల్లో విస్తరించాయి. పరీక్షకు ముందు మాట్లాడటం, సమ్మతి తీసుకోవడం, ఫలితాన్ని ఆ వ్యక్తికి మాత్రమే చెప్పడం, చెప్పిన తరువాత మళ్లీ మాట్లాడటం, ఇవి వైద్యంలో భాగమని మనం నేర్చుకున్నది అక్కడే. ఓపీ గదుల చివర ఒక బల్ల, రెండు కుర్చీలతో కూర్చున్న కౌన్సెలర్లు నిశ్శబ్దంగా చేసిన ఈ పనికి దక్కవలసిన గౌరవం ఇంకా దక్కలేదు.

గుంటూరు లెక్క

ఇక డెల్టా పశ్చిమ భాగంలో జరిగిన ఒక గొప్ప విషయం. ఆ రోజుల్లో దేశంలో ఎంతమందికి హెచ్‌ఐవీ ఉందన్న అంచనా నిఘా కేంద్రాల లెక్కల మీద నడిచేది. ఎంపిక చేసిన ఆసుపత్రులకు వచ్చిన గర్భిణుల నుంచి ఒక్కో కేంద్రంలో 400 నమూనాలు, సుఖవ్యాధుల విభాగాలకు వచ్చినవారి నుంచి 250 నమూనాలు పేరు లేకుండా పరీక్షించి, ఆ శాతాన్ని జనాభాకు వర్తింపజేసేవారు. ఈ పద్ధతిలో ఆంధ్రప్రదేశ్, అందులోనూ కోస్తా జిల్లాలు దేశంలోనే అత్యధిక తీవ్రత గలవిగా కనబడ్డాయి.

2004, 2005 సంవత్సరాల్లో హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ పరిశోధకులు లలిత్ దండోనా, రాఖీ దండోనా బృందం గుంటూరు జిల్లాను ఎంచుకుని ఆసుపత్రి ముందు కాక ఇంటింటికీ వెళ్లింది. జిల్లా జనాభాకు ప్రాతినిధ్యం వహించేలా ఊళ్లను, వార్డులను ఎంపిక చేసి 15 నుంచి 49 ఏళ్ల వయసు గల 12,617 మంది రక్తపు చుక్కలను కాగితం మీద ఆరబెట్టి పరీక్షించారు. 2006లో ప్రచురితమైన ఫలితం దేశాన్ని ఆశ్చర్యపరిచింది. నిఘా కేంద్రాల పద్ధతి ప్రకారం జిల్లాలో ఈ వయసువారిలో 1,12,635 మందికి వైరస్ ఉండాలి. ఇంటింటి సర్వే ప్రకారం ఆ సంఖ్య 45,942. రెండున్నర రెట్ల తేడా!

ఎందుకింత తేడా? పెద్ద ప్రభుత్వాసుపత్రులకు ఎక్కువగా వచ్చేది పేదవారు. వారిలో వ్యాధి ఎక్కువ. పైగా జబ్బు ఉందని తెలిసినవారిని, అనుమానం ఉన్నవారిని ప్రైవేటు ఆసుపత్రులు అక్కడికే పంపేవి. ఆసుపత్రి ముందు వరుసలో నిలిచినవారిని చూసి జిల్లా మొత్తం ఇలాగే ఉందనుకోవడం, పంచనామా గదిలో కూర్చుని ఊరంతా చచ్చిపోయిందనుకోవడం వంటిది. 2005, 2006 సంవత్సరాల్లో జరిగిన మూడవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే కూడా ఇదే దారిలో రక్తం పరీక్షించి దేశంలో 0.28 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 0.97 శాతం అని తేల్చింది. ఫలితంగా 2007లో దేశవ్యాప్త అంచనా 52 లక్షల నుంచి సుమారు 25 లక్షలకు తగ్గింది.

ఈ కథలో రెండు పాఠాలున్నాయి. మొదటిది, భయం చెప్పే లెక్క నిజం కంటే పెద్దది కావచ్చు. జిల్లా విషయంలో జరిగినదే మనిషి విషయంలోనూ జరుగుతుంది. ఒక్క రాత్రి తరువాత నిద్రపట్టని మనిషి తాను విన్న, చదివిన విషాదాలన్నింటినీ తన లెక్కలో కలుపుకుంటాడు. ఏమీ జరగని వేలమంది కథలు అతని చెవిన పడవు, ఎందుకంటే వాటిని ఎవరూ చెప్పరు.

రెండవ పాఠం మరింత లోతైనది. తగ్గిన లెక్కలో కూడా గుంటూరు జిల్లాలో సుమారు 1.7 శాతం మందికి వైరస్ ఉంది. పురుషుల్లో 1.74, స్త్రీలలో 1.70. పల్లెల్లో 1.64, పట్టణాల్లో 1.89. ఈ నాలుగు అంకెలను మళ్లీ చదవండి. ఇది కొన్ని వీధులకు, కొన్ని వృత్తులకు పరిమితమైన జబ్బయితే స్త్రీ పురుషుల శాతం ఇంత దగ్గరగా ఉండదు. పల్లె, పట్నం ఇంత చేరువగా రావు. ఆ స్త్రీలలో అత్యధికులు గడప దాటని ఇల్లాళ్లు. వారికి ఉన్న ఏకైక ప్రమాదకారణం వివాహం.

పరీక్షకు అర్థం వచ్చిన రోజు

తెలుసుకుని ఏం చేయాలి అన్న ప్రశ్నకు చాలాకాలం జవాబు లేదు. 1994లో జిడోవుడిన్ మందు తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశాన్ని 25.5 శాతం నుంచి 8.3 శాతానికి తగ్గిస్తుందని తేలింది. 1996లో మూడు మందుల కలయిక మరణశయ్య మీది రోగులను లేపి నడిపించింది. కానీ ఏడాదికి పది పదిహేను వేల డాలర్ల ఆ వైద్యం బెజవాడ లారీ డ్రైవరుకు ఆకాశంలో చుక్కే. 2001లో మన సిప్లా సంస్థ అధినేత యూసుఫ్ హమీద్ రోజుకు డాలరు కంటే తక్కువకే ఇస్తానని ప్రకటించి ప్రపంచాన్ని కదిలించారు. 2004 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్‌తో సహా వ్యాధి తీవ్రత ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాల్లోనూ, ఢిల్లీలోనూ ప్రభుత్వం ఉచిత ఏఆర్‌టీ వైద్యాన్ని ప్రారంభించింది. తరువాతి సంవత్సరాల్లో అది జిల్లాలకు చేరింది.

అదే కాలంలో గేట్స్ ఫౌండేషన్ 2003లో ఆరంభించిన అవాహన్ కార్యక్రమం లారీ డ్రైవర్ల మధ్య, సెక్స్ వర్కర్ల మధ్య పనిచేసింది. అందులో సెక్స్ వర్కర్లే తోటివారికి మార్గదర్శకులై సుఖవ్యాధుల చికిత్సకు, పరీక్షకు తీసుకువచ్చారు. ఒకప్పుడు ఎవరిని నిందించామో వారే ఈ డెల్టాలో కొత్త సోకుళ్లను ఆపిన తొలి వరుస. విజయవాడలో 1969 నుంచి ఉన్న వాసవ్య మహిళా మండలి వంటి సంస్థలు ఇళ్లకు వెళ్లి బాధితులకు, అనాథలైన పిల్లలకు తోడు నిలిచాయి.

2011లో మన దేశంతో సహా తొమ్మిది దేశాల్లో జరిగిన అధ్యయనం, సోకిన వ్యక్తి త్వరగా మందులు మొదలుపెడితే జీవిత భాగస్వామికి సోకే అవకాశం 96 శాతం తగ్గుతుందని చూపింది. 2016లో యూరప్ అధ్యయనం ఒకటి, మందులతో వైరస్ అదుపులో ఉన్న దంపతుల మధ్య కండోమ్ లేకుండా జరిగిన 58,000కు పైగా కలయికల్లో ఒక్కసారి కూడా భాగస్వామి నుంచి సోకలేదని తేల్చింది. 2017 నుంచి మన దేశంలో పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ వెంటనే వైద్యం మొదలుపెడుతున్నారు. ఒకనాడు మరణవార్త అయిన కాగితం ఇప్పుడు మందులచీటీ అయింది.

ఇప్పుడు మీరు వేసుకోవలసిన లెక్క

చరిత్ర ఇచ్చిన జవాబును ఇక సూటిగా చెబుతాను. భాగస్వామికి వైరస్ ఉండి, వైద్యం తీసుకోకుండా ఉంటే, రక్షణ లేని ఒక్క కలయికలో సోకే సగటు అవకాశం ఇలా ఉంటుంది. యోని సంపర్కంలో పురుషుడికి పదివేలకు 4, స్త్రీకి పదివేలకు 8. గుద సంపర్కంలో స్వీకరించే వ్యక్తికి పదివేలకు 138, రెండవ వ్యక్తికి 11. సోకినవారి సూదిని పంచుకుంటే 63. నోటి ద్వారా అయితే చాలా స్వల్పం. ముద్దు, కౌగిలి, ఒకే కంచం, దోమకాటు వల్ల సోకదు.

ఈ అంకెలు చిన్నవే. కానీ ఇవి సగటులు. పుండ్లు, సుఖవ్యాధులు ఉన్నా, భాగస్వామికి ఇటీవలే సోకి రక్తంలో వైరస్ విపరీతంగా ఉన్నా అవకాశం పలు రెట్లు పెరుగుతుంది. అన్నిటికీ మించి, పదే పదే జరిగితే చిన్న అంకె పెద్దదవుతుంది. భర్తకు సోకి ఇద్దరికీ తెలియని ఇంట్లో, ఏడాదికి వంద కలయికలనుకుంటే, భార్యకు సోకే అవకాశం నూటికి దాదాపు 8. రెండు మూడేళ్లు గడిస్తే? గుంటూరు స్త్రీల 1.70 శాతం వెనుక ఉన్న గణితం ఇదే.

కాబట్టి రక్షణ లేని కలయిక జరిగి, లేదా కండోమ్ చిరిగి, అనుమానం ఉంటే చేయవలసినవి ఇవి.

మొదటి 72 గంటలు అతి విలువైనవి. సోకకముందే ఆపే మందులు ఉన్నాయి. సూదిపోటు తగిలిన ఆరోగ్య సిబ్బందిలో జిడోవుడిన్ ప్రమాదాన్ని 81 శాతం తగ్గించిందని 1997లోనే ప్రచురితమైంది, ఇప్పటి మందులు అంతకంటే శక్తిమంతమైనవి. వీటిని ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. 72 గంటలు దాటితే ప్రయోజనం ఉండదు. 28 రోజులు మానకుండా వాడాలి. అత్యాచార బాధితులకు, విధినిర్వహణలో ప్రమాదానికి గురైన సిబ్బందికి ప్రభుత్వాసుపత్రుల్లో ఇస్తారు. తక్కిన సందర్భాల్లో అవసరమా కాదా అన్నది వైద్యుడు నిర్ణయించాలి. తెల్లవారాక చూద్దాం అనుకోకుండా ఆ రోజే వెళ్లి అడగండి. మందుల దుకాణంలో సొంతంగా కొని వేసుకోకండి.

రెండవది, పరీక్ష తేదీ. మర్నాడే చేయించుకున్న పరీక్ష ఆ రాత్రి గురించి ఏమీ చెప్పదు, అంతకుముందు మీ స్థితిని మాత్రమే చెబుతుంది. అదీ అవసరమే, కానీ దానితో ధైర్యం తెచ్చుకోకూడదు. శరీరం ప్రతిరక్షకాలను తయారుచేసుకునే వరకు ఉండే వ్యవధినే విండో పీరియడ్ అంటారు. వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే పరీక్ష 10 నుంచి 33 రోజులకు, ప్రయోగశాలలో యాంటిజెన్, ప్రతిరక్షకాలు రెంటినీ చూసే నాలుగవ తరం పరీక్ష 18 నుంచి 45 రోజులకు, వేలిపోటుతో చేసే సాధారణ పరీక్ష 23 నుంచి 90 రోజులకు సోకుడును పట్టుకుంటాయి. సులువుగా గుర్తుంచుకోవాలంటే ఆరు వారాలకు ఒకసారి, మూడు నెలలకు మరొకసారి. మధ్యలో కొత్త ప్రమాదం లేకుండా మూడు నెలల పరీక్ష నెగెటివ్ వస్తే ఆ అధ్యాయం ముగిసినట్లే. తరువాత నెలనెలా పరీక్షలు చేయించుకుంటూ తిరగడం వైద్యం కాదు, ఆందోళన మాత్రమే. నివారణ మందులు వాడినవారు మాత్రం వైద్యుడు చెప్పిన తేదీలను పాటించాలి.

మూడవది, లక్షణాలను నమ్మకండి. సోకిన రెండు నుంచి నాలుగు వారాల్లో కొందరికి జ్వరం, గొంతునొప్పి, దద్దుర్లు వస్తాయి. వర్షాకాలంలో డెల్టాలో ఏ డెంగీకైనా, ఏ వైరల్ జ్వరానికైనా ఇవే లక్షణాలు. కొందరికి ఏమీ రావు. జ్వరం వచ్చిందని కుంగిపోవద్దు, రాలేదని పొంగిపోవద్దు.

నాలుగవది, ఫలితం తేలే వరకు ఇంట్లో కండోమ్ వాడండి, రక్తదానం చేయకండి. సోకిన తొలి వారాల్లోనే వైరస్ అత్యధికంగా ఉంటుంది, పరీక్షకు దొరకని రోజులూ అవే. అదే సమయంలో సిఫిలిస్, హెపటైటిస్ బి, సి పరీక్షలు కూడా చేయించుకోండి. 

పరీక్ష ఎక్కడ? విజయవాడ, గుంటూరు, మచిలీపట్నం ప్రభుత్వాసుపత్రులతో సహా అనేక ఆరోగ్య కేంద్రాల్లోని ఐసీటీసీలలో ఉచితంగా చేస్తారు. 1097 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనూ సలహా దొరుకుతుంది. 2017లో చేసిన హెచ్‌ఐవీ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉంది. మీ సమ్మతి లేకుండా పరీక్ష చేయడం, ఫలితాన్ని బయటపెట్టడం, ఆ కారణంతో ఉద్యోగం, చదువు, వైద్యం నిరాకరించడం ఇప్పుడు చట్టవిరుద్ధం. డొమినిక్ డిసౌజాకు లేని రక్షణ మీకు ఉంది.

మిగిలిన పని

2021 జాతీయ అంచనాల ప్రకారం ఆంధ్రప్రదేశ్ వయోజనుల్లో హెచ్‌ఐవీ 0.67 శాతం, దేశ సగటు 0.21 శాతం. రాష్ట్రంలో దాదాపు 3.21 లక్షల మంది ఈ వైరస్‌తో జీవిస్తున్నారు. ఒకప్పటి తీవ్రత లేదు, కానీ దేశ సగటుకు మూడు రెట్లున్నాం. గోడల మీద ప్రకటనలు వెలిసిపోయాయి. ఆ ప్రకటనలు చూడని తరం పెరిగి పెద్దదయింది. వారి పరిచయాలు ఇప్పుడు రహదారుల పక్కన కాదు, చేతిలోని ఫోన్‌లో మొదలవుతున్నాయి. వైరస్ దారి మార్చుకోగలదు, దాన్ని పట్టుకునే పద్ధతి మాత్రం పాతదే.

నా దగ్గరకు ఈ విషయమై వచ్చినవారిలో అత్యధికులు పురుషులు. పరీక్ష నెగెటివ్ రాగానే దండం పెట్టి వెళ్లిపోయేవారు. పాజిటివ్ వచ్చినవారు మొదట అడిగేది ఒకటే: ఇంట్లో తెలియకుండా మందులు వాడవచ్చా? ఆ ప్రశ్న వెనుక ఉన్న భయాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆ ఇంట్లో మరొక మనిషి ఉంది. తన ప్రమాదమేమిటో తెలియని మనిషి తన లెక్క వేసుకోలేదు, పరీక్ష అడగలేదు, కండోమ్ అడగలేదు. కౌన్సెలర్లు దంపతులిద్దరినీ కూర్చోబెట్టి చెప్పడంలో శిక్షణ పొందినవారు, ఆ మాట మీరొక్కరే చెప్పుకోవలసిన పని లేదు. వెళ్లేటప్పుడు ఆమెను కూడా తీసుకువెళ్లండి. గుంటూరు సర్వేలో ఆ రెండు శాతాల మధ్య ఉన్న తేడా 0.04 మాత్రమేనని ఒక్కసారి గుర్తు చేసుకుంటే, ఎందుకు చెబుతున్నానో మీకే తెలుస్తుంది.